లైట్ చూపించేదాకా

ప్లెయిన్స్‌బరోలో వాళ్ళ అపార్ట్‌మెంట్ల లాండ్రీ గదిలో డ్రయర్ ఒక విడత తిరగడానికి నలభై ఐదు నిమిషాలు పడుతుంది. ఆ నలభై ఐదు నిమిషాల్లో చిహారు తన ఏడు నిమిషాల కామెడీని నాలుగుసార్లు చెప్పగలదు. మిగతా సమయం తిట్లు తినడానికి. తిట్టేది భానుశ్రీ.

"'అంత డబ్బున్న దేశంలో' అన్న ముక్క తీసెయ్," అంది భానుశ్రీ దిండు గలేబులు మడతపెడుతూ.

"ఎందుకు? మా అమ్మ నిజంగా అన్న మాటే అది."

"మీ అమ్మ ఫోన్లో అంది, నువ్వు స్టేజీ మీద అంటున్నావు. డబ్బు మాట వచ్చిందంటే ఈ రోజుల్లో జనం నవ్వడం మానేసి తమ ఉద్యోగాల గురించి ఆలోచిస్తారు. 'అంత పెద్ద దేశంలో' చాలు."

చిహారు డ్రయర్‌కి వీపు ఆనించి, కళ్ళు మూసుకుని, మళ్ళీ మొదలుపెట్టింది. ఒసాకాలో ఉన్న తల్లికి కూతురు అమెరికాలో నిలబడి కామెడీ చేస్తోందని తెలిసింది. ఆవిడకి తెలిసి ఒంటరిగా నవ్వించేవాళ్ళు మెత్త మీద హాయిగా కూర్చుని కథ చెబుతారు. అందుకని కంగారుపడి ఫోన్ చేసింది. "అమ్మాయ్, అంత పెద్ద దేశంలో నీకు కూర్చోవడానికి ఒక్క కుర్చీ ఇవ్వరా?"

"ఆఁ, ఇప్పుడు బాగుంది," అంది భానుశ్రీ. ఆమె నవ్వలేదు. ఆ గదిలో నవ్వడం ఆమె పని కాదు.

వాళ్ళు మాట్లాడుకునేది ఇంగ్లీషులోనే. ఒకరిది ఒసాకా ఇంగ్లీషు, మరొకరిది కాకినాడ ఇంగ్లీషు. అమెరికన్లతో మాట్లాడేటప్పుడు గొంతుకు అడ్డంపడే బెరుకు ఆ గదిలో ఇద్దరికీ ఉండేది కాదు.

ఒసాకాలో నవ్వించే పని జంటగా చేస్తారట. ఒకరు తెలివితక్కువగా మాట్లాడుతుంటే రెండోవాళ్ళు నెత్తిన ఒక్కటిచ్చి సరిదిద్దుతారు. చిహారు ఎనిమిదేళ్ళు తెలివితక్కువ మనిషిగా పనిచేసింది. నెత్తిన కొట్టే నేస్తం పెళ్ళి చేసుకుని నూడుల్స్ దుకాణం పెట్టుకుంది. ముప్ఫై రెండేళ్ళ వయసులో చిహారు న్యూయార్క్ వచ్చి నాటకాల బళ్ళో చేరింది. చదువయ్యాక, చదివిన రంగంలోనే ఏడాదిపాటు పని చేసుకోనిచ్చే ఓపీటీ మీద ఉంది. అద్దె తక్కువని న్యూయార్క్ వదిలి, ఇక్కడ ఒక మందుల కంపెనీ ఉద్యోగిని ఫ్లాట్‌లో గది తీసుకుంది. ఆ ఓపీటీ జూన్ పదితో అయిపోతుంది.

భానుశ్రీ ఎమ్మే ఇంగ్లీషు. పెళ్ళికి ముందు రెండేళ్ళు జూనియర్ కాలేజీలో పాఠం చెప్పింది. ఇక్కడికొచ్చి ఎనిమిదేళ్ళు, ఎనిమిదేళ్ళూ హెచ్-ఫోరే. అంటే భర్త వీసా కొంగు పట్టుకుని ఉండే వీసా, పని చెయ్యకూడదు. ఒక వాక్యంలో ఒక మాట ఎక్కువైతే ఆమెకు పంటికింద రాయిలా తగిలేది. ఆ గుణానికి ఇంట్లో ఉపయోగం లేదు. పప్పులో ఉప్పు గురించి చెబితే వినేవాళ్ళున్నారు గానీ వాక్యం గురించి చెబితే ఎవరు వింటారు? చిహారు వింది. విని, మార్చుకుని, మర్నాడు బట్టల బుట్టతో మళ్ళీ వచ్చేది.

ఆ ఏడు నిమిషాల చివర ఉన్న జోకు మాత్రం భానుశ్రీ చెప్పినదే. ఒకసారి ఇమిగ్రేషన్ ఆఫీసులో వేలిముద్రలు ఇవ్వడానికి వెళ్ళి నాలుగు గంటలు కూర్చున్న సంగతి చెబుతుంటే చిహారు దుప్పటి పక్కన పడేసి కాగితం వెతుక్కుంది. ఇప్పుడు చివరి నిమిషం ఇలా ఉంది: చిహారు తల్లికి తిరిగి ఫోన్ చేస్తుంది. "అమ్మా, బెంగపెట్టుకోకు. అమెరికా నాకు కుర్చీ ఇచ్చింది. ఇమిగ్రేషన్ ఆఫీసులో. లెమ్మనడమే లేదు." అంతటితో అయిపోతుంది. ఎనిమిదేళ్ళలో భానుశ్రీ చేతి మీదుగా బయటికి వెళ్ళే వస్తువు అదొక్కటే.

ఇక న్యూయార్క్ క్లబ్బుల సంగతి. కొత్తవాళ్ళకి స్టేజీ కావాలంటే ఎనిమిదిమందిని వెంట తెచ్చుకోవాలి, తలా రెండు డ్రింకులు తాగించాలి. అప్పుడు అయిదు నిమిషాలు ఇస్తారు. చిహారుకి తెలిసిన ఎనిమిదిమందీ ఎప్పుడో అయిపోయారు. జనవరిలో ఒక ఆదివారం సాయంత్రం భానుశ్రీ తన ఎనిమిదిమందిని తీసుకెళ్ళింది. భర్త రవికాంత్, ఆరు నెలలు ఉండిపోదామని వచ్చిన అత్తగారు అనంతలక్ష్మి, పక్క ఫ్లాట్లవాళ్ళు. అత్తగారిని ముందు వరసలో కూర్చోబెట్టారు. ఆవిడ రెండు స్ప్రైట్లు ముందు పెట్టుకుని బుద్ధిగా వింది. ఇంగ్లీషు సగం తెలిసింది, సగం చిహారు మొహంలో చదువుకుంది. ఎనిమిదేళ్ళ నేస్తం వదిలేసి వెళ్ళిపోయిన ఘట్టం రాగానే, "అయ్యో! అయ్యయ్యో!" అని పైకే అనేసింది. కుర్చీ దగ్గర, "చ్చొచ్చొచ్చొ." దిగి వచ్చిన చిహారు చెయ్యి పట్టుకుని, "ఆడపిల్లవి, ఒక్కదానివి, ఎందుకమ్మా నీకీ అవస్థ? మా ఇంటికి రా, అన్నం తిందువుగాని," అంది. క్లబ్బువాళ్ళు అమ్మిన టేపులో నవ్వుల కంటే ఆ అయ్యోలే గట్టిగా వినిపించాయి.

చిహారు కోపగించుకోలేదు. అన్నానికి వచ్చింది కూడా.

మార్చిలో చిహారుకి ఒక మెయిల్ వచ్చింది. పడమటి తీరంలో జరిగే పేరున్న కామెడీ ఉత్సవం కొత్తవాళ్ళ టేపులు అడుగుతోంది. ఏడు నిమిషాలకు తగ్గకూడదు. మధ్యలో కత్తిరింపు ఉండకూడదు. కనీసం రెండు వందలమంది ఎదుట చేసినదై ఉండాలి. గడువు ఏప్రిల్ ఆరు, సోమవారం. అందులో చోటు దొరికితే కళాకారుల వీసాకి దరఖాస్తు పెట్టగలనని లాయరు అన్నాడు. దొరక్కపోతే పెట్టి లాభంలేదనీ అన్నాడు.

"రెండు వందలమందిని నేనెక్కడ తేను?" అంది చిహారు. "ఎనిమిదిమందికే దిక్కులేదు."

ఆ రాత్రి భోజనాల దగ్గర భానుశ్రీ భర్తకి రెండోసారి పప్పు వడ్డిస్తూ అడిగింది. రవికాంత్ ఆ ఏడు తెలుగు సంఘానికి కల్చరల్ సెక్రటరీ. హైస్కూల్ ఆడిటోరియంలో ఉగాది కార్యక్రమం ఏప్రిల్ నాలుగున, శనివారం. ఆరు వందలమంది వస్తారు.

"జపాన్ ఆవిడా? మన ఉగాదికా?" అన్నాడు రవికాంత్. "ఆల్రెడీ ముప్ఫై రెండు ఐటమ్స్ ఉన్నాయి భానూ. ఒక్కో పేరెంటూ నన్ను ఫోన్లో తినేస్తున్నారు."

"ఏడు నిమిషాలండీ. అంతే."

"మనవాళ్ళు నవ్వుతారా?"

"నవ్వుతారు. ఆఖర్న వచ్చే జోకు మనవాళ్ళు నవ్వినట్టు ఇంకెవరూ నవ్వలేరు."

"నీకెలా తెలుసు?"

భానుశ్రీ పప్పు గిన్నె మూత పెట్టింది.

"సరే, ఆంజనేయప్రసాద్ గారిని అడుగుతా," అన్నాడు.

సంఘం అధ్యక్షుడు ఆంజనేయప్రసాద్ అడగడమే ఆలస్యం అన్నట్టు ఒప్పుకున్నాడు. "ఇంటర్నేషనల్ ఆర్టిస్ట్ అయ్యా! మన ఫ్లయర్‌లో పెట్టేద్దాం!" అని తనే భానుశ్రీకి ఫోన్ చేశాడు. "అమ్మా, ఆవిడకి మనం చెయ్యాల్సిన మర్యాద మనం చేస్తాం. మీరేం వర్రీ కావద్దు."

"మర్యాద ఏమీ వద్దండీ. ఏడు నిమిషాలు ఎవరూ కదిలించకుండా ఉంటే చాలు. రికార్డు చేస్తున్నాం."

"అలాగేనమ్మా. నేను పక్కనే నిలబడి చూసుకుంటా."

నిలబడ్డాడు కూడా. మాట తప్పాడని అనడానికి లేదు.

క్లబ్బుల్లో వెనక గోడ మీద చిన్న లైటు ఒకటి ఉంటుందని చిహారు చెప్పింది. అది వెలిగితే ఇంకొక్క నిమిషం ఉందని గుర్తు. అది చూసేదాకా దిగకూడదు, చూశాక సాగదీయకూడదు. హైస్కూల్ ఆడిటోరియంలో అలాంటి లైటు లేదు కాబట్టి భానుశ్రీ అరచేతిలో పట్టే టార్చి కొంది. హాలు మధ్య నడవలో కెమెరా పక్కన నిలబడి ఆరో నిమిషం నిండగానే చూపించాలి. బ్యాటరీలు వేసి ఒకసారి వెలిగించి చూద్దామనుకుంది గానీ, ఎందుకో వెలిగించకుండానే పర్సులో పెట్టుకుంది.

శనివారం వాన. మూడు గంటలకు భానుశ్రీ తన పాత కరోలాలో చిహారునీ, కెమెరానీ, స్టాండునీ వేసుకుని బయల్దేరింది. రవికాంత్ పొద్దున్నే సౌండ్ మనుషులతో వెళ్ళిపోయాడు. అత్తగారు ఆయనతోనే వెళ్ళి రెండో వరసలో చోటు పట్టుకుంది. స్కూలు చేరేసరికి వాన ధార కట్టింది. కెమెరా తడవకుండా పైటకొంగు కప్పి, స్టాండు చంకలో పెట్టుకుని, ఇద్దరూ పరుగెత్తారు.

లోపలికి వెళ్ళగానే భానుశ్రీ అత్తగారి దగ్గరకు వెళ్ళింది. "అత్తయ్యగారూ, ఇవాళ అయ్యో అనకండి. ఏం చెప్పినా సరే."

"అననులేవే. నోట్లో కొంగు కుక్కుకుంటా," అంది అనంతలక్ష్మి. "ఆ పిల్ల తిన్నదా?"

చిహారు పేరు నాలుగున్నరకి ఉంది. నాలుగున్నరకి ఇంకా పంచాంగ శ్రవణం నడుస్తోంది. తర్వాత స్పాన్సర్లకు పూలగుత్తులు. ఒక పిల్లల డాన్సులో సీడీ సగంలో ఆగిపోయింది, తల్లిదండ్రులు మొదటినుంచీ మళ్ళీ చేయించారు. మరొక డాన్సుకి అలా జరగకపోయినా, వాళ్ళకి రెండుసార్లు ఇచ్చారు కదా అని వీళ్ళూ అడిగారు. చిహారు తెర పక్కన గోడకి ఆనుకుని పెదవులు కదుపుతూ నిలబడి ఉంది. కూర్చోమంటే కూర్చోలేదు. కూర్చుంటే గొంతు కూర్చుంటుందట.

ఆరూ పదికి వ్యాఖ్యాత దమయంతి ఆమె పేరు పిలిచింది. దమయంతి పట్టుచీర కట్టుకుని మూడు గంటలుగా హైహీల్స్ మీద నిలబడి ఉంది. ఎవరు ఏ చీటీ ఇచ్చినా నవ్వుతూ చదివేది. పాపం ఆవిడా తప్పు చెయ్యలేదు.

భానుశ్రీ కెమెరా మీట నొక్కింది. ఎర్ర అంకెలు పరుగు మొదలుపెట్టాయి.

మొదటి నిమిషం జనం ఊరికే చూశారు. పిల్లలు నడవల్లో పరుగెడుతున్నారు. రెండో నిమిషంలో, తను తప్పు మాట్లాడితే ఒసాకాలో నెత్తిన కొట్టేవారనీ, అమెరికాలో ఏం మాట్లాడినా 'గుడ్ జాబ్' అంటారనీ, ఇక జోకు ఎక్కడ అయిందో తనకెలా తెలుస్తుందనీ చిహారు అడిగినప్పుడు కుడివైపు పిల్లల తండ్రులు నవ్వారు. కుర్చీ జోకుకి హాలు మొత్తం కదిలింది. 'అంత పెద్ద దేశంలో' దగ్గర ఆగి, ఒక్క ఊపిరి తీసుకుని, 'ఒక్క కుర్చీ' అంది. సరిగ్గా చెప్పినట్టే. రెండో వరసలో అనంతలక్ష్మి నోటికి కొంగు అడ్డం పెట్టుకుని భుజాలు కదుపుతోంది. నవ్వో ఏడుపో వెనకనుంచి తెలియలేదు.

మూడు నిమిషాల యాభై. ఇంకా మూడూ పది. భానుశ్రీ టార్చిని కుడిచేతిలోకి తీసుకుంది.

అప్పుడు చూసింది. స్టేజీ ఎడమవైపు తెర పక్కకి స్కూలు సెక్యూరిటీ గార్డు వచ్చి దమయంతి చేతిలో చీటీ పెట్టాడు. దమయంతి చీటీ చదివి, చిహారు వైపు చూసి, రెండో మైకు అందుకుంది.

భానుశ్రీ చెయ్యెత్తి అడ్డంగా ఊపింది. దమయంతి చూడలేదు. హాల్లో చీకటి. కేక వెయ్యాలి. నోరు తెరిచింది కూడా. కానీ కెమెరా మైకు ఆమె మోచేతికి అడుగు దూరంలో ఉంది. కేక వేస్తే టేపంతటికీ ఆ కేకే మిగులుతుంది. జనవరిలో అత్తగారి అయ్యోలు ఉన్న చోట ఏప్రిల్లో తన కేక ఉంటుంది. పరుగెత్తుదామంటే నడవ నిండా పిల్లలు, స్టేజీ ఎనభై అడుగులు. ఆమె నోరు తెరుచుకుని, చెయ్యి గాల్లో ఊపుతూ, నిలబడిపోయింది.

"ఎక్స్‌క్యూజ్ మీ, సారీ అండీ, ఒక చిన్న ఇంపార్టెంట్ అనౌన్స్‌మెంట్," అంది దమయంతి. "పార్కింగ్ లాట్‌లో ఎవరిదో వైట్ కలర్ టొయోటా కరోలా, హెడ్‌లైట్స్ ఆన్‌లో ఉన్నాయట. న్యూజెర్సీ ప్లేట్, వి, ఎక్స్, కె, ఫార్టీ ఎయిట్, హెచ్. ప్లీజ్ వెంటనే వెళ్ళి చూసుకోండి."

మొదట ఆ నంబరు ఎక్కడో విన్నట్టనిపించింది. తర్వాత తెలిసింది. వాన, వైపర్లు, వైపర్లు వేస్తే లైట్లు వెయ్యాలన్న రూలు, తడవకూడని కెమెరా, పైటకొంగు. తను కదలకూడదు. కదిలితే స్టాండు కదులుతుంది. చిహారు అందుకుని ముందుకు వెళ్ళిపోతే, ఇదొక చిన్న అంతరాయంగా టేపులో కలిసిపోతుంది. వెళ్ళిపో, వెళ్ళిపో, అనుకుంది.

చిహారు అందుకుంది. చీటీ వైపు చూసి, జనం వైపు తిరిగి, ఒక్క క్షణం ఆగింది.

"తెల్ల కరోలా?" అంది. "ప్లెయిన్స్‌బరోలోనా? అయితే అందరూ లేవండి."

ఆ నవ్వు భానుశ్రీ మళ్ళీ ఎన్నడూ వినలేదు. ఆరు వందలమంది ఒక్కసారి విరగబడ్డారు. ఎందుకంటే నిజంగానే అక్కడ సగంమందికి అదే కారు. అంతటితో ఆగినా బాగుండేది. తమ నంబరు తమకే గుర్తులేని పది పదిహేనుమంది మగవాళ్ళు, నవ్వుతూనే, చప్పట్లు కొడుతూనే, జేబుల్లో తాళాలు తడుముకుంటూ లేచి నిలబడ్డారు. వాళ్ళని చూసి వెనక వరసలవాళ్ళూ లేచారు.

తెర పక్కన నిలబడి అంతా చూసుకుంటానన్న ఆంజనేయప్రసాద్‌కి కనిపించినది: జనం లేచి నిలబడి చప్పట్లు కొడుతున్నారు. అంటే ఐటమ్ అయిపోయింది. అదీ బ్రహ్మాండంగా.

"స్టాండింగ్ ఒవేషన్!" అంటూ ఆయన మైకు దగ్గరకు నడిచొచ్చాడు. చేతిలో మడత విప్పని శాలువా. "లేడీస్ అండ్ జెంటిల్మెన్, జపాన్ నుంచి వచ్చి మన ఉగాదికి నవ్వులు పంచిన సోదరికి మనం సన్మానం చేసుకుందాం. వాళ్ళ అమ్మగారు అడిగారట, అమెరికాలో కుర్చీ ఇవ్వరా అని. అమ్మా, అమెరికా సంగతి మాకు తెలీదు, తెలుగువాళ్ళం మేం ఇస్తాం! కుర్చీ! ఏయ్ రవీ, కుర్చీ తీసుకురావయ్యా!"

హాలు మళ్ళీ నవ్వింది. కుర్చీ తెచ్చింది రవికాంతే. ముఖ్య అతిథికి వేసే ఎర్ర మఖమల్ కుర్చీ. తెస్తూ భార్య వైపు ఒకసారి చూశాడు. చీకట్లో ఆమె కనిపించి ఉండదు.

చిహారు కుర్చీని చూసింది. జనాన్ని చూసింది. మైకు అప్పటికే ఆంజనేయప్రసాద్ చేతిలోకి వెళ్ళిపోయింది. పెద్దమనిషి, తెల్ల జుట్టు, శాలువా విప్పి పట్టుకుని నిలబడ్డాడు. ఆమె హాలు మధ్యకి, కెమెరా ఉన్న చోటుకి చూసింది. లైటు కోసం. లైటు లేదు. లైటు చూడందే దిగకూడదు. కానీ అక్కడ ఆరు వందలమంది చప్పట్లు కొడుతున్నారు.

ఆమె కూర్చుంది.

భానుశ్రీ చూస్తూనే ఉంది. ఎర్ర అంకెలు నాలుగూ ఇరవై చూపించాయి, నాలుగూ నలభై, అయిదు. శాలువా కప్పారు. మెమెంటో ఇచ్చారు. కమిటీ అంతా ఎక్కి ఫోటో దిగారు, కమిటీ భార్యలు ఎక్కి మరొకటి. ఆరు నిమిషాలు అయ్యాయి. టార్చి మీద బొటనవేలు ఉంది. నొక్కలేదు. ఎవరికి చూపించాలి? ఏడు నిమిషాలకు ఇంకా ఫోటోలే అవుతున్నాయి. చివరి జోకు చెప్పడానికి ఇక వీలు కూడా లేదు. కుర్చీ ఇచ్చేశారు.

తర్వాత భోజనాలు. ఎవరూ చిహారుని వదల్లేదు. ఉగాది పచ్చడి తినిపించారు, పూర్ణాలు పెట్టారు. అనంతలక్ష్మి ఆమె పక్కనే కూర్చుని, "చూశావా, నేను కిక్కురుమనలేదు," అని తెలుగులోనే చెప్పింది. చిహారు ఆవిడ చెయ్యి నొక్కింది.

ఏడున్నరకి వాన వెలిసింది. వెలుతురు ఇంకా కొంచెం మిగిలి ఉంది. పార్కింగ్‌లో చిహారు శాలువా కప్పుకుని, మెమెంటో గుండెలకి ఆనించుకుని, భానుశ్రీ వెంట నడిచి కారెక్కింది. భానుశ్రీ తాళం తిప్పింది. టిక్ మంది. మళ్ళీ తిప్పింది. టిక్.

చిహారు డ్యాష్‌బోర్డు వైపు చూసింది. లైట్ల మీట వైపు చూసింది. అది ఇంకా పైకే ఉంది.

"ఇదేనా ఆ కారు?" అంది.

"ఇదే."

చిహారు మెమెంటో ఒళ్ళో పెట్టుకుంది.

"మరి నువ్వు లేవలేదేం?"

"కెమెరా కదులుతుందని."

చిహారు తల ఊపింది. వృత్తి తెలిసినవాళ్ళు ఊపినట్టు ఊపింది. అది చూసి భానుశ్రీకి కళ్ళు మండాయి. తిట్టినా బాగుండేది.

"ఆవిడ మైకు తీసుకోవడం ముందే చూశాను," అంది. "కేక వేద్దామనుకున్నాను."

"వేస్తే టేపులో పడుతుంది."

"వెయ్యకపోయినా పోయిందిగా."

"ఎంత వచ్చింది?"

"నాలుగు నిమిషాల ఇరవై సెకన్లు."

"బాగా వచ్చిందా?"

"బాగా వచ్చింది. ఆ కారు జోకు..." భానుశ్రీ ఆగింది. "అందులో తీసెయ్యాల్సిన మాట ఒక్కటీ లేదు."

అన్ని నెలల్లో ఆమె అలా అనడం అదే మొదటిసారి.

"రేపు ఒక రోజు ఉంది," అంది భానుశ్రీ. అంటున్నప్పుడే ఆ వాక్యం ఎంత డొల్లో ఆమెకే తెలిసింది. ఆదివారం రెండు వందలమంది ఎక్కడ దొరుకుతారు?

చిహారు మెమెంటో తిప్పి చూపించింది. "దీని మీద ఏమని ఉంది?"

భానుశ్రీ చదివింది. అన్నీ ఒకేసారి చెక్కించిన మెమెంటోలు. పోయినేడు పంచాంగం చదివిన సిద్ధాంతిగారికి ఇచ్చిన దాని మీదా ఇదే ఉంది. "తెలుగు భాషా సంస్కృతులకు నువ్వు చేసిన విశేష సేవకి అని."

"లాయర్‌కి చూపించనా?"

"చూపించు. నవ్వుతాడు."

"అదైనా నవ్వేగా," అంది చిహారు.

ఈలోగా రవికాంత్, ఆంజనేయప్రసాద్, మరో నలుగురు, డౌనైన బ్యాటరీకి కరెంటు అందించే ఎర్ర, నల్ల వైర్లతో, ఒక వ్యాన్ వెంటబెట్టుకుని వచ్చారు. కారు ఎవరిదో అప్పటికి అందరికీ తెలిసిపోయింది. "ఏంటమ్మా, అనౌన్స్‌మెంట్ అంత క్లియర్‌గా చేయించాం కదా!" అని ఆంజనేయప్రసాద్ నవ్వాడు. రవికాంత్ మాత్రం భార్య మొహం చూసి, కిటికీ దగ్గర ఒక్క క్షణం నిలబడి, బానెట్ తెరవడానికి వెళ్ళిపోయాడు. తెరిచిన బానెట్ ఎదుటి అద్దాన్ని పూర్తిగా మూసేసింది.

"రెడ్ ముందు పెట్టాలి."

"కాదు బాస్, ముందు బ్లాక్."

"నీకు ఎవరు చెప్పార్రా? పేలుద్ది!"

"ప్లస్ ఏదో ముందు చూడండయ్యా, ఏం కనిపించట్లా."

ఆంజనేయప్రసాద్ చిహారు కిటికీ వైపు వంగాడు. "మేడమ్! నెక్స్ట్ ఇయర్ యు మస్ట్ కమ్. ఫుల్ హాఫ్ అవర్ మీకే. నో అనౌన్స్‌మెంట్స్. ప్రామిస్!"

"థాంక్యూ," అంది చిహారు, కూర్చునే తల వంచి. వచ్చే ఏడు. జూన్ పది. ఆయనకి చెప్పి ఏం లాభం?

"భానుశ్రీగారూ, టార్చి ఏమైనా ఉందామ్మా కార్లో?"

భానుశ్రీ ఒళ్ళో పర్సు తెరిచింది. టార్చి తీసి కిటికీలోంచి అందించింది. ఆయన వెలిగించుకుంటూ వెళ్ళాడు. మొదటిసారే వెలిగింది. బానెట్‌కీ అద్దానికీ మధ్య సన్నటి సందులోంచి ఆ వెలుగు పొడుగ్గా లోపలికి పడింది, చిహారు మోకాళ్ళ మీద, శాలువా అంచు మీద.

చిహారు వెన్ను నిటారైంది.

"ఇంకొక్క నిమిషం," అంది.

కార్లో గడియారం ఆగిపోయి ఉంది. భానుశ్రీ తన చేతి వాచీ చూసుకుంది. చిహారు నోరు తెరుస్తుందేమోనని ఎదురుచూసింది. ఫోన్, అమ్మ, బెంగపెట్టుకోకు. ప్రతి మాటా ఆమెకు కంఠతా వచ్చు. ఎక్కడ ఊపిరి తీసుకోవాలో కూడా వచ్చు. పదిహేను సెకన్లు. ముప్ఫై. చిహారు రెండు చేతులూ మెమెంటో మీద పెట్టుకుని ఆ వెలుగు వైపే చూస్తోంది. బయట ఎరుపూ నలుపూ తగాదా తేలింది. నలభై అయిదు. యాభై.

"స్టార్ట్ చెయ్ భానూ!" రవికాంత్ కేకేశాడు.

చిహారు ఇంకా ఏమీ అనలేదు.

"భానూ, వినిపిస్తోందా? తాళం తిప్పు!"

వినిపిస్తోంది. వాచీలో ఇంకా నాలుగు సెకన్లున్నాయి. భానుశ్రీ అవి పూర్తయ్యేదాకా ఆగి, అప్పుడు తిప్పింది.